సేఠ్ ప్రేమచంద్ రాయచంద్ జీవితము, వాయిదా బేరముల తీరు

పరుల సొత్తును అమ్ముట దోషమని ఎరుగని వర్తకుడు మనలో లేడు. కాని తన చేతికి ఇంకా రాని సరుకును, ఫలానా తేదీకి తెచ్చి ఇస్తానని ముందుగానే ఒక ధరకు అమ్ముట దోషమా కాదా అన్న ప్రశ్న మన కుటుంబాలలో తరతరాలుగా నలుగుతూనే ఉన్నది. ధర ఎక్కుతుందని కొనేవాణ్ణి తేజీవాలా అనీ, ధర పడుతుందని లేని సరుకును ముందుగా అమ్మేవాణ్ణి మందీవాలా అనీ బొంబాయి బజారులో పిలిచేవారు. లోకం మొదటివాణ్ణి మెచ్చుకొంటుంది, రెండవవాణ్ణి శపిస్తుంది. ఈ తీర్పు ఎంతవరకు న్యాయమో తెలుసుకోవలెనంటే 1861 నుంచి 1866 వరకు బొంబాయిలో జరిగిన సంగతులను మించిన పాఠం మరొకటి దొరకదు. ఆ సంగతుల నడుమ నిలిచిన పురుషుడు మన జైన సమాజానికి చెందినవారే. ఆయనే సేఠ్ ప్రేమచంద్ రాయచంద్.

ప్రేమచంద్ 1830ల ఆరంభంలో సూరతు నగరంలో ఓస్వాల్ జైన కుటుంబంలో జన్మించినారు. తండ్రి రాయచంద్ దీప్‌చంద్, తల్లి రాజాబాయి. ఒకప్పుడు పడమటి తీరానికంతకూ తలమానికమైన సూరతు రేవు అప్పటికే వెలవెలబోయినది. వర్తకం బొంబాయికి తరలినది. దాని వెంట వర్తకులూ తరలినారు. రాయచంద్ కుటుంబం కూడా అట్లే బొంబాయి చేరినది. బాలుడైన ప్రేమచంద్‌కు అక్కడ ఇంగ్లీషు చదువు అబ్బినది. ఇంగ్లీషు చదవను, వ్రాయను, మాట్లాడను వచ్చిన మొదటి దేశీయ దళారి ఆయనేనని ప్రతీతి. ఆ రోజులలో ఇది చిన్న సంగతి కాదు. దొరల కంపెనీలకూ మన బజారుకూ మధ్య దుబాసీ లేకుండా మాట్లాడగలిగిన మనిషికి రెండు వైపుల సమాచారమూ ఒకేసారి అందేది. ఇరవై ఏళ్ళు నిండీ నిండకముందే ఆయన దళారీ వృత్తిలో దిగినారు.

అప్పటి షేరు బజారుకు గోడలు లేవు, కప్పు లేదు. టౌన్ హాలు ఎదుట మర్రిచెట్టు నీడలో దళారులు గుమికూడేవారు. 1840లలో వారు అరడజను మంది. 1860 నాటికి 60 మంది. ఆ తరువాతి వెర్రి రోజులలో 200 దాటినారు. ప్రేమచంద్ ఎన్ని బేరాలు చేసినా కాగితం మీద పెట్టేవారు కాదనీ, అన్నీ జ్ఞాపకంలోనే ఉంచుకొనేవారనీ చెప్పుకొనేవారు. ఇది గొప్పే కావచ్చును. కాని పద్దు వ్రాయని వర్తకుణ్ణి మన పెద్దలు అంతగా మెచ్చుకొనరు.

1861 ఏప్రిలులో అమెరికాలో ఉత్తర దక్షిణ రాష్ట్రాల మధ్య యుద్ధం మొదలైనది. దక్షిణ రాష్ట్రాల రేవులను ఉత్తరపు ఓడలు దిగ్బంధించినవి. లాంకషైరు మిల్లులకు అమెరికా ప్రత్తి ఆగిపోయినది. మిల్లులు మూతబడి కూలీలు పస్తులున్నారు. ఇంగ్లండు చూపు ఇండియా ప్రత్తి మీద పడినది. ధోలేరా, భరూచి ప్రత్తికి మునుపు కలలోనైనా ఊహించని ధరలు పలికినవి. మన తెలుగు సీమకూ ఇందులో కొంత పాలు దక్కినది. గుంటూరు సీమ ప్రత్తి కాకినాడ రేవు నుంచి ఓడలెక్కినది. కోకనాడ ప్రత్తి అన్న పేరు లోకంలో నిలిచినది. కాని వరద ముంచెత్తినది బొంబాయినే. మామూలు రోజులలో వచ్చే రాబడికి మించి ఆ యుద్ధ సంవత్సరాలలో బొంబాయికి వచ్చి పడిన సొమ్ము 7 కోట్ల నుంచి 7½ కోట్ల పౌనుల వరకు ఉంటుందని అంచనా వేసినారు.

ప్రేమచంద్ ఈ ప్రత్తి వర్తకంలో అందరికంటె ముందున్నారు. లివర్పూలు ధరలు తెలిసేది ఓడల మీద వచ్చే టపాతోనే. ఓడ రేవులో లంగరు వేసేదాకా కాచుకోకుండా, చిన్న పడవలను నడిసముద్రంలోకి పంపి ధరల సమాచారం ముందుగా తెప్పించుకొని, తక్కినవారు మేలుకొనేలోపల లోపలి పట్టణాలలో ప్రత్తి కొనేవారని ఆయన గురించి చెప్పుకొంటారు. ఇది దొంగతనం కాదు, పెట్టుబడి పెట్టి, శ్రమపడి సంపాదించిన సమాచారం. ఇట్టి తెలివిని తప్పు పట్టనవసరం లేదు. చిక్కు వచ్చినది వేరొక చోట.

వచ్చి పడిన ధనానికి దారి లేకపోయినది. నగరంలో అంత సొమ్ము ఇమిడే పరిశ్రమలు లేవు. అందువల్ల కంపెనీలు పుట్టినవి. 1865 జనవరి నాటికి నగరంలో 62 జాయింటు స్టాకు కంపెనీలు వెలసినవి. ఇవి గాక 31 బ్యాంకులు, 16 ఫైనాన్షియల్ అసోసియేషన్లు, 8 భూమి కంపెనీలు, 16 ప్రెస్సింగు కంపెనీలు, 10 ఓడల కంపెనీలు, 20 ఇన్సూరెన్సు కంపెనీలు. వీటిలో అన్నిటికంటె జనం కళ్ళను మిరుమిట్లు గొలిపినది బ్యాక్ బే రిక్లమేషన్ కంపెనీ. నగరానికి పడమటి వైపున సముద్రాన్ని పూడ్చి భూమి చేయవలెనన్నది దాని ఉద్దేశం. 5,000 రూపాయలు కట్టిన వాటా బజారులో 50,000 రూపాయల దాకా పలికినది. సముద్రంలో పడిన రాయి ఇంకా తడి ఆరలేదు, వాటా మాత్రం పది రెట్లయినది.

ఆ కంపెనీకి ప్రేమచంద్ ఒక ప్రధాన స్తంభం. కొత్తగా ఏ కంపెనీ పెట్టినా ప్రేమచంద్ పేరు ఉన్నదా అని ముందు అడిగేవారు. వాటాలు ఎవరికి కేటాయించవలెనో చాలా చోట్ల ఆయన మాట మీద నడిచేది. అసలు ధరకు ఒక వాటా కేటాయింపు దొరికితే మరునాడే అనేక రెట్లకు అమ్ముకోవచ్చును. కాబట్టి ఆయన ఇంటి ముంగిట దొరలూ, పారశీకులూ, భాటియాలూ, మనవారూ పడిగాపులు పడేవారు. ముప్పై ఏళ్ళు దాటీ దాటని ఒక దళారికి ఇంత అధికారం రావడం ఆయనకూ మంచిది కాలేదు, నగరానికీ మంచిది కాలేదు.

అంతకు మించిన హాని బ్యాంక్ ఆఫ్ బొంబాయి వల్ల కలిగినది. 1840లో ఏర్పడిన ఆ బ్యాంకులో గవర్నమెంటుకు కూడా వాటాలుండేవి, గవర్నమెంటు తరఫున డైరెక్టర్లు కూర్చొనేవారు. పాత శాసనం ప్రకారం కంపెనీ వాటాల తాకట్టు మీద అప్పు ఇచ్చే వీలు లేదు. 1863లో కొత్త శాసనం వచ్చి ఆ కట్టుబాట్లను సడలించినది. వాటాలు తాకట్టు పెట్టుకొని అప్పు ఇవ్వవచ్చునన్నారు. ఇక చూడండి: బ్యాంకు సొమ్ముతో వాటా కొనుట, ఆ వాటాను బ్యాంకులో పెట్టి మళ్ళీ సొమ్ము తెచ్చుట, దానితో ఇంకొక వాటా కొనుట. ధర ఎక్కుతున్నంత కాలం తాకట్టు బలంగా కనబడుతుంది. ధర పడితే తాకట్టూ అప్పూ ఒకేసారి మునుగుతాయి. బ్యాంకు అధికారుల మీద ప్రేమచంద్ పలుకుబడి అపారంగా ఉండేది. ఆయనకూ, ఆయన సిఫారసు చేసినవారికీ అప్పులు ధారాళంగా సాగినవి. ఏషియాటిక్ బ్యాంకింగ్ కార్పొరేషన్ అయితే ఆయన స్వంత బ్యాంకు వలెనే నడిచేది.

ఈ ఎక్కుదల మధ్యనే వాయిదా బేరాలు పెరిగినవి. వాటి తీరు కొంత వివరంగా తెలుసుకోవలెను. ఒక మందీవాలా మార్చి నెలలో బ్యాక్ బే వాటా ఒకటి జూలై 1వ తేదీకి 40,000 రూపాయలకు ఇస్తానని అమ్మినాడనుకొందాము. ఈ అంకెలు తీరు తెలియుటకు వేసుకొన్నవే. అమ్మినవాని పెట్టెలో వాటా లేదు. కొన్నవాని పెట్టెలో 40,000 రూపాయలూ లేవు. ఇద్దరి మధ్యా ఉన్నది దళారి పుస్తకంలో ఒక పద్దు. వాయిదా నాటికి వాటా 15,000కు దిగితే మందీవాలా బజారులో 15,000 పెట్టి కొని, తన బేరగాడికి ఇచ్చి, 40,000 పుచ్చుకొని, 25,000 మిగుల్చుకొంటాడు. వాటా 50,000కు ఎక్కితే 10,000 చేతి నుంచి పెట్టుకొంటాడు. చాలా బేరాలలో వాటా చేతులు మారదు కూడాను. తేడా మాత్రం ఇచ్చి పుచ్చుకొని లెక్క తీర్చుకొంటారు.

కొన్నవానికీ అమ్మినవానికీ ఉన్న భేదం ఒకటి సామాన్యంగా జనం గమనించరు. కొన్నవాడు పోగొట్టుకొంటే వాటా పూర్తి ధర పోతుంది, అంతకు మించి పోదు. లేనిది అమ్మినవాని నష్టానికి హద్దు లేదు. ధర ఎంత ఎక్కితే అంత. పైగా వాటాలు ఎక్కువ భాగం కొద్దిమంది చేతులలో చిక్కి ఉంటే, వాయిదా నాడు మందీవాలా ఎక్కడ తెస్తాడు? వాళ్ళ గుమ్మానికే పోయి, వాళ్ళు చెప్పిన ధరకే కొనవలెను. కేటాయింపులన్నీ ప్రమోటర్లూ వారి మిత్రులూ పంచుకొన్న ఆ రోజులలో, బ్యాక్ బే వాటాను ముందుగా అమ్ముట పులి బోనులో చెయ్యి పెట్టుట వంటిది. అందుకే ధర అక్రమంగా ఎక్కినదని మనసులో అనుకొన్నవారు కూడా అమ్ముటకు జంకినారు. వివేకవంతుల సందేహం ధరలో కనబడకుండా పోయినది. ఉత్సాహం ఒక్కటే ధరలో కనబడినది.

మందీవాలా వల్ల బజారుకు ఉపకారం ఏదైనా ఉంటే అది ఇక్కడే ఉన్నది. అయిదు వేల వాటా పదిహేను వేలయిన నాడు, ఇరవై వేలయిన నాడు, నిబ్బరం గల మందీవాలాలు నలుగురు ఎదురు నిలిచి అమ్మి ఉంటే, అది యాభై వేలకు పోయేది కాదు. ఆఖరున కొని మునిగిన గుమాస్తాలూ, విధవలూ, ఉద్యోగం విరమించిన దొరలూ కొంతవరకైనా బతికిపోయేవారు. ధరను పెంచేవాడు నగరానికి ఉపకారి, దించేవాడు ద్రోహి అన్న అభిప్రాయం వల్ల ఎంత కీడు జరిగినదో ఆ కాలపు బొంబాయిని చూస్తే తెలుస్తుంది.

అయితే మందీ బేరంలో దోషమే లేదనుట కూడా సరికాదు. మన శాస్త్రంలో శ్రావకునికి చెప్పిన వ్రతాలను ఈ బేరం పక్కన పెట్టి చూడవలెను. అస్తేయ వ్రతానికి తత్త్వార్థ సూత్రంలో చెప్పిన అతిచారాలు దొంగసొత్తు కొనుట, దొంగ తూకాలు, కల్తీ సరుకు వంటివి. లేని సరుకును వాయిదాకు అమ్మి, చెప్పిన నాటికి తెచ్చి ఇచ్చినవాడు వీటిలో దేనికీ చిక్కడు. నూలు ఇంకా నేయని సాలెవాడు చీరకు బయానా పుచ్చుకొనుట లేదా? పంట కోయని రైతు గింజలు అమ్ముకొనుట లేదా? కాని తెచ్చి ఇచ్చే శక్తి, తెచ్చి ఇవ్వవలెనన్న ఉద్దేశం రెండూ లేకుండా మాట ఇచ్చినవాడు సత్య వ్రతాన్ని తప్పినట్లే. ఇది మందీవాలాకు ఎంత వర్తిస్తుందో, చేతిలో దమ్మిడీ లేకుండా కొంటానన్న తేజీవాలాకూ అంతే వర్తిస్తుంది.

మరొకటి సూక్ష్మమైనది. అనర్థదండాలలో అపధ్యానం ఒకటి. పరులకు చెరుపు కలగవలెనని మనసులో తలపోయుట. ధర పడితేనే తనకు లాభం అయినవాడు, కంపెనీ చెడవలెనని, ఓడ మునగవలెనని, యుద్ధం రావలెనని రాత్రింబవళ్ళు కోరుకొంటూ కూర్చొంటే, అతని చేతి మీద మచ్చ లేకున్నా మనసు మీద ఉన్నది. ధర ఎక్కువగా ఉన్నదని లెక్క కట్టి అమ్ముట వేరు, అమ్మిన తరువాత ధర పడుటకు పుకార్లు పుట్టించుట వేరు. మొదటిది వర్తకం, రెండవది కూటసాక్ష్యం. తేజీవాలాల మనసు నిర్మలమని కూడా ఎవరూ అనుకోనక్కరలేదు. అమెరికా యుద్ధం ఇంకా కొన్నేళ్ళు సాగవలెనని ఆ రోజులలో బొంబాయిలో కోరుకోని ప్రత్తి వర్తకుడు అరుదు. అక్కడ మనుషులు వేలకు వేలు చచ్చుచున్నారు. అపధ్యానానికి ఇంతకంటె గట్టి ఉదాహరణ దొరకదు. అది మందీవాలాలది కాదు.

1865 ఏప్రిల్ 9న దక్షిణ సేనాపతి లీ లొంగిపోయినాడు. కొద్ది వారాలలో ఆ వార్త బొంబాయి చేరినది. ప్రత్తి ధర సుమారు సగానికి కూలినది. మే నెలలోనే పెద్ద పెద్ద వర్తకులు చేతులెత్తివేసినారు. జూలై 1వ తేదీ దగ్గర పడుచున్నకొద్దీ నగరం గుండె దడదడలాడినది. ఎందుకనగా వాయిదా బేరాలలో చాలా భాగం తీరవలసిన రోజు అదే.

ఆ రోజున జరిగినది మందీవాలాల విజయం కాదు. ఇది వినేవారికి వింతగా ఉంటుంది. ధర పడుతుందని పందెం కాసినవారి మాట నిజమైనది. నలభై వేలకు అమ్మినది అయిదు వేలకు దొరుకుచున్నది. కాని కొంటానన్నవాడు కనబడడు. కనబడినా ఇచ్చుటకు లేదు. పుస్తకంలో లక్షలు రావలసి ఉన్నవి, పెట్టెలోకి పైసా రాదు. అంతే కాదు. ఒకే వాటాను మొదటివాడు రెండవవానికి, రెండవవాడు మూడవవానికి, మూడవవాడు నాలుగవవానికి వాయిదా మీద అమ్మినారు. నడుమనున్న వారిద్దరూ కొన్నది అమ్మినాము, మా లెక్క సరిపోయినదని నిశ్చింతగా ఉన్నారు. నాలుగవవాడు కూలగానే మూడవవానికి రావలసినది పోయినది, రెండవవానికి ఇవ్వవలసినది మాత్రం నిలిచినది. అట్లే ఒకరి తరువాత ఒకరు. తేజీలో ఉన్నవాడూ మందీలో ఉన్నవాడూ ఏ పక్షమూ లేదనుకొన్నవాడూ ఒకే బురదలో దిగబడినారు. పేచీ పెట్టేవారికి చట్టమూ ఒక సందు ఇచ్చినది. పందెపు ఒప్పందాలు కోర్టులో చెల్లవని 1848 నాటి చట్టం. ఉభయులూ తేడా ఇచ్చిపుచ్చుకొనుటకే తప్ప వాటా ఇచ్చే ఉద్దేశంతో బేరం చేయలేదని రుజువైతే అది పందెమే. 1865లో బొంబాయి శాసన సభ మూడవ చట్టం చేసి, అట్టి పందేలకు అనుబంధంగా చేసిన ఒప్పందాలూ చెల్లవన్నది. అనగా పందేనికి తోడ్పడిన దళారి తన రుసుం కూడా కోర్టు ద్వారా వసూలు చేసుకోలేడు. అసలు బేరానికీ పందేనికీ మధ్య గీత ఎక్కడ గీయవలెనన్న తగవు ఆ తరువాత వందేళ్ళు కోర్టులలో నడిచినది. వాటా ఇచ్చే పుచ్చుకొనే ఉద్దేశం ఒక్క పక్షానికైనా ఉన్నదా లేదా అన్నదే ఆ గీత.

ఈ పతనానికి మందీవాలాలే కారణమన్న నింద ఎక్కడైనా పుట్టేదే. మరుసటి ఏడు, 1866 మే 10న లండనులో ఓవరెండ్ గర్నీ అన్న పెద్ద సంస్థ కూలినప్పుడు అక్కడా అదే మాట పుట్టినది. బ్యాంకు వాటాలను లేకుండా అమ్మేవారే బ్యాంకులను కూల్చినారని, 1867లో అక్కడి పార్లమెంటు ఒక చట్టం చేసి, బ్యాంకు వాటా అమ్మితే ఆ వాటా నెంబరు ఒప్పందంలో వ్రాయవలెనన్నది. లండను దళారులు ఆ చట్టాన్ని లక్ష్యపెట్టకుండా తమ అలవాటునే సాగించినారు. ఓవరెండ్ గర్నీని కూల్చినది దాని చెడ్డ అప్పులే. బొంబాయిలోనూ అంతే.

లండను దెబ్బ బొంబాయికి రెండవ దెబ్బ అయినది. 1866లో ఏషియాటిక్ బ్యాంకింగ్ కార్పొరేషన్ మూతబడినది. ప్రేమచంద్ తన ఆస్తి యావత్తూ అప్పులవారికి అప్పగించవలసి వచ్చినది. 2,850 రూపాయలు పలికిన బ్యాంక్ ఆఫ్ బొంబాయి వాటా 87 రూపాయలకు దిగినది. బ్యాక్ బే వాటా 2,000 లోపుకు పడినది. పూడ్చిన కొద్దిపాటి నేలలో కొంత భాగం తరువాత రైలు మార్గానికి పనికి వచ్చినది. బ్యాంక్ ఆఫ్ బొంబాయి మూలధనం దాదాపు అంతా పోగొట్టుకొని 1868లో మూతపడగా, ఆ పేరుతోనే కొత్త బ్యాంకు పెట్టినారు. సర్ చార్లెస్ జాక్సన్ అధ్యక్షతన విచారణ సంఘం కూర్చొన్నది. డైరెక్టర్ల ఏమరుపాటు, కార్యదర్శుల బలహీనత, 1863 శాసనం ఇచ్చిన సడలింపు, ప్రేమచంద్‌కు బ్యాంకు లోపల ఉన్న పలుకుబడి, ఇవన్నీ ఆ విచారణలో బయటపడినవి.

ప్రేమచంద్ జీవితంలో తూచి చూడవలసిన ఘట్టం ఇదే. ఆయన లేని వాటాలను అమ్మిన మందీవాలా కాదు. అందరూ పొగిడే తేజీ పక్షం వారు. తన సొంత ధనంతో ఎంత తేజీ చేసినా అడిగే హక్కు ఎవరికీ లేదు. కాని బ్యాంకులో ఉన్నది జనం నమ్మి దాచుకొన్న సొమ్ము. మన శాస్త్రం దానిని న్యాసం అంటుంది. ఒకరు నమ్మి ఉంచిన న్యాసాన్ని అపహరించుట సత్య వ్రతానికి పెద్ద అతిచారం. తాకట్టు పెట్టి, చట్టం ఒప్పుకొన్న దారిలోనే అప్పు పుచ్చుకొన్నారు గనుక ఆయనను అపహర్త అనకూడదు. అయినా తాకట్టుగా పెట్టిన వాటాల విలువ తన పేరు వల్లనే నిలిచినదని ఆయనకంటె బాగా తెలిసినవారు లేరు. చేతిలో లేని వాటాను అమ్మినవాడు తన్ను తాను ముంచుకొంటాడు, మహా అయితే తన బేరగాణ్ణి. న్యాసపు సొమ్ముతో ధర ఎక్కించినవాడు బేరం ముఖం చూడనివారిని కూడా ముంచుతాడు. ఈ తారతమ్యం తెలియకుండా మందీవాలాను తిట్టుట సులభం.

ఆయన దానగుణం మాత్రం ఈ తూకంలో తేలిపోయేది కాదు. 1864లో బొంబాయి విశ్వవిద్యాలయానికి గ్రంథాలయం కోసం 2 లక్షల రూపాయలు, గడియారపు గోపురం కోసం మరి 2 లక్షలు ఇచ్చినారు. గోపురానికి తల్లి రాజాబాయి పేరు పెట్టవలెనని కోరినారు. కలకత్తా విశ్వవిద్యాలయానికి 2 లక్షలు ఇచ్చినారు. 1866లో అక్కడ ఆయన పేరున ఏర్పడిన విద్యార్థి వేతనం బెంగాలులో పండితులకు గొప్ప గౌరవం అయినది. చరిత్రకారుడు జదునాథ్ సర్కార్ దానిని పొందినవారే. అహమ్మదాబాదులో ఉపాధ్యాయుల శిక్షణ కళాశాల ఆయన పేరు మోసినది. బాలికల చదువుకూ, ధర్మశాలలకూ ఇచ్చినవి వేరు. కాగితం మీది సంపద చూచుకొని ఇచ్చిన దానాలు కదా అని ఎవరైనా అనవచ్చును. నిజమే. 1864లో ఆయనకున్నది చాలా వరకు కాగితమే. కాని వాటాలను రేపు ఇస్తామన్న వారందరూ తప్పినారు, ఈ సొమ్ము మాత్రం ఇస్తానన్న చోటికి చేరినది. ఆయన ఇల్లు కూలిన తరువాత 1869 మార్చి 1న పునాది పడి, 1878 నవంబరులో రాజాబాయి గోపురం పూర్తి అయినది. 280 అడుగుల ఆ గోపురానికి నమూనా గీచిన సర్ జార్జి గిల్బర్ట్ స్కాట్ బొంబాయి ముఖం చూడనే లేదు. కళ్ళు కనబడని రాజాబాయికి పొద్దు కుంకక ముందే భోజనం ముగించే నియమం ఉండేదనీ, ఆ గంటల మోత విని ఆమె వేళ తెలుసుకొనేదనీ జనం చెప్పుకొంటారు.

పతనం తరువాత ప్రేమచంద్ ఊరు విడిచి పోలేదు, ముఖం చాటు చేసుకోలేదు. మళ్ళీ దళారిగా మొదటి మెట్టు నుంచి ప్రారంభించినారు. 1874లో దళారులు ఇప్పుడు దలాల్ స్ట్రీటు అని పిలిచే వీధిలో చోటు చూచుకొన్నారు. 1875 జూలై 9న నేటివ్ షేర్ అండ్ స్టాక్ బ్రోకర్స్ అసోసియేషన్ ఏర్పడినది. దానిని స్థాపించిన వారిలో ప్రేమచంద్ ఒకరు. సభ్యులు 318 మంది, ప్రవేశ రుసుం ఒక రూపాయి. 1887 డిసెంబరు 3న దానికి కట్టుబాట్ల దస్తావేజు వ్రాసుకొన్నారు. 1865లో లోపించినది ఇదే. ఎవరితో ఎవరు బేరం చేయవచ్చును, వాయిదా తప్పినవాణ్ణి ఏమి చేయవలెను, దివాలా తీసినవాని లెక్కలు ఎట్లా ముగించవలెను అన్నవి మర్రిచెట్టు కింద ఎవరూ నిర్ణయించలేదు.

మందీ బేరం ఆ వీధిలో ఆగలేదు. లెక్క తీర్చుకోలేని వారు తరువాతి వాయిదాకు మోసుకుపోయే బదలా పద్ధతి వచ్చినది. సామాన్యంగా తేజీవాలా అప్పు తెచ్చుకొన్నందుకు వడ్డీ వంటిది ఇచ్చుకొనేవాడు. వాటాలు కరువై మందీవాలాలు ఎక్కువైతే లెక్క తిరగబడి మందీవాలానే ఇచ్చుకొనేవాడు. దానిని ఉల్టా బదలా అన్నారు. మందీవాలాకు ఉరి బిగిసేది అక్కడే. 2001 జూలైలో బదలా పూర్తిగా అంతరించినది. 2008 ఏప్రిల్ 21 నుంచి, లేని వాటా అమ్మదలచినవాడు వాటాను అరువు తెచ్చుకొని, పూచీ కట్టి, వాయిదాకు ఇచ్చే ఏర్పాటు సెబీ కట్టుబాట్ల కింద నడుచుచున్నది. అరువు లేని ఒట్టి అమ్మకం నిషిద్ధం. నడుమ నిలిచిన క్లియరింగు సంస్థ ఇరువురికీ జామీను. నాలుగవవాడు కూలితే మూడవవాడు కూలకుండా కట్టిన గోడ అది.

ప్రేమచంద్ వార్ధక్యం బొంబాయిలోనే గడిచినది. ఒకనాడు ముంగిట పడిగాపులు పడినవారిలో చాలామంది అప్పటికే లేరు. సంస్థ పేరు కుమారుల చేతిలో నిలిచినది. 1906 ఆగస్టు 31న సుమారు 75 ఏళ్ళ వయస్సులో ఆయన కన్ను మూసినారు. ఆ వెర్రి రోజులను యౌవనంలో కళ్ళారా చూచిన సర్ దిన్షా వాచ్ఛా 1913లో ఆయన జీవితాన్ని ఒక గ్రంథంగా వ్రాసి ప్రకటించినారు.